ట్యాంకరులో మిగిలిన ఆవిరి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మండే గ్యాసుకు పంపులు, కంప్రెసర్లు ఎంపిక చేయడం నా పని. దాని గురించి మాట్లాడమన్నారు.

చిత్తూరు మీదుగా పోయే చెన్నై–బెంగళూరు రోడ్డులో గ్యాసు ట్యాంకర్లు మీరంతా చూసే ఉంటారు. పెద్దదాంట్లో సుమారు 18 టన్నుల ఎల్పీజీ పడుతుంది. ప్లాంటుకు చేరాక దాన్ని దించాలి. పంపు పెట్టి లాగేస్తే పోలేదా?

మన పాత బావులు గుర్తు చేసుకోండి. నీళ్లు లోతుకు పోయేకొద్దీ రైతులు మోటారును బావిలోకి దించుకుంటూ పోయేవాళ్లు. గట్టు మీది మోటారు ఏడెనిమిది మీటర్లకు మించి నీళ్లు పీల్చలేదు. ఎల్పీజీ దగ్గర ఆ మాత్రం కూడా కుదరదు. అది ట్యాంకులో ఎప్పుడూ మరగడానికి సిద్ధంగానే ఉంటుంది. తిరుమల కొండ మీద గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి కదా, అట్లాగే పంపు నోటి దగ్గర ఒత్తిడి కాస్త తగ్గినా ఎల్పీజీ బుడగలైపోతుంది. ఆ బుడగలు పగిలి పగిలి ఇంపెల్లరును కొరికేస్తాయి, సీలును పాడుచేస్తాయి. సీలు పోతే బయటికొచ్చేది నీళ్లు కాదు.

అందుకే కంప్రెసరు. అది నిల్వ ట్యాంకులోని ఆవిరిని పీల్చి ట్యాంకరు పైభాగంలోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి ద్రవం తనంతట తానే నిల్వ ట్యాంకుకు పోతుంది. ద్రవం అయిపోయాక నాలుగు దారుల వాల్వు తిప్పితే, ట్యాంకరులో మిగిలిన ఆవిరి కూడా వెనక్కి వస్తుంది. ఈ రెండో పని పంపు వల్ల కాదు. మిగిలేది ఎంతంటారు? లోపలి చోటు సుమారు 40 ఘనపు మీటర్లు, ఎండ రోజున ఘనపు మీటరుకు 14 కిలోల దాకా ఆవిరి. అంటే 560 కిలోలు, మన ఇంటి సిలిండర్లు 39! అంతా లాగకూడదు లెండి. లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే ఎక్కువగా ఉండగానే ఆపాలి. లేకుంటే గాలి లోపలికి దూరుతుంది. గాలిలో ఎల్పీజీ 2 నుంచి 10 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ కంప్రెసరు సిలిండరులో నూనె ఉండకూడదు, ఎల్పీజీ కలిస్తే నూనె పలచబడిపోతుంది. ద్రవం చుక్కలు రాకూడదు, ద్రవం నలగదు కాబట్టి వాల్వులే విరుగుతాయి. అందుకని ముందు లిక్విడ్ ట్రాప్. మోటారు ఫ్లేమ్‌ప్రూఫ్. రిఫైనరీ ఫ్లేరు గ్యాసు పట్టాలంటే మాత్రం నేను లిక్విడ్ రింగ్ యంత్రం వైపే మొగ్గుతాను. కరెంటు ఎక్కువ తాగుతుంది గానీ తడిని ఓర్చుకుంటుంది, వేడిని నీళ్లకు ఇచ్చేస్తుంది.

ఒకచోట కొనుగోలు కమిటీ డిస్టెన్స్ పీసు లేని యంత్రాన్ని ఎంచింది. సిలిండరుకూ క్రాంకుకూ మధ్య ఉండే ఖాళీ గది అది. చౌకగా వస్తోంది, ఇదీ కంప్రెసరే కదా అన్నారు. నేను సంతకం పెట్టలేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఓడ నుంచి ఎల్పీజీ ఎక్కిస్తుండగా లీకై అంటుకుని సుమారు 60 మంది పోయారు. అక్కడ కంప్రెసరు కారణం కాదన్నారు కమిటీవాళ్లు. నిజమే. కానీ గాలి కంటే బరువైన ఆ గ్యాసు నేల మీద పాకుతూ పోయేటప్పుడు, ఎక్కడ కారిందన్న పట్టింపు దానికి ఉండదు.

ఫైలు నెలల తరబడి తిరిగింది. చివరికి నేనడిగిన యంత్రమే వచ్చింది. తరువాతి ఎండాకాలం రాడ్డు ప్యాకింగ్ అరిగి గ్యాసు కారింది. డిస్టెన్స్ పీసులోకి వచ్చి, వెంటు గొట్టం గుండా పైకి పోయింది. షిఫ్టు ఆపరేటరు గమనించి, యంత్రం ఆపి, ప్యాకింగ్ మార్చి, మధ్యాహ్నానికల్లా మళ్లీ నడిపాడు.