బల్బు మాటిమాటికీ పోతోందా? ముందు హోల్డర్ చూడండి

మాది నెల్లూరు దగ్గర మైపాడు. సముద్రం పక్కనే ఇల్లు. పోయినేడు మా వరండాలో ఆరు నెలల్లో మూడు ఎల్‌ఈడీ బల్బులు పోయాయి. "ఈ ఎల్‌ఈడీలన్నీ ఇంతేరా" అన్నాడు మా నాయన.

మూడోది పోయాక మెయిన్ ఆఫ్ చేసి హోల్డర్ విప్పి చూశా. పిన్నుల నిండా పచ్చగా చిలుము! ఉప్పుగాలి కదా. పిన్ను సరిగ్గా ఆనకపోతే లోపల స్పార్క్ వస్తుంది, ఆ దెబ్బ బల్బులో ఉండే డ్రైవర్‌కి తగులుతుంది. ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావరకు ముందు పోయేది ఆ డ్రైవరే. కొత్త హోల్డర్ పెట్టాం. నాలుగో బల్బు ఇప్పటికీ వెలుగుతోంది.

ఇక కొనేటప్పుడు. వాట్ అంటే కరెంటు లెక్క, ల్యూమెన్ అంటే వెలుగు లెక్క. పాత 60 వాట్ల బల్బంత వెలుగు కావాలంటే డబ్బా మీద 800 ల్యూమెన్‌లు ఉందా చూడండి. దానికి 9 వాట్ల ఎల్‌ఈడీ చాలు. రోజుకి 5 గంటలు వేస్తే పాతది నెలకి 9 యూనిట్లు తాగుతుంది. ఇది ఒకటిన్నర యూనిట్ కూడా తాగదు.

పడగ్గదికి 3000 కెల్విన్ పసుపు వెలుగు హాయిగా ఉంటుంది. చదువుకునే చోటికి 6500 తెలుపు తీసుకోవచ్చు. గాలాడని గాజు డోముల్లో మామూలు బల్బు పెట్టొద్దు, వేడికి తొందరగా పోతుంది.

బీఐఎస్ గుర్తు, స్టార్ లేబుల్ లేనిది ఎంత చవకైనా వద్దు. బిల్లు అడిగి తీసుకోండి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. బిల్లు లేకుంటే వారంటీ ఉన్నా లేనట్టే. మా మొదటి మూడు బల్బులకీ అదే జరిగింది!