బ్యాటు పట్టు విద్య



తెలుగు పండితుడు క్రికెట్టును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. ముప్పది సంవత్సరములకు పైగా నేను పాఠశాలలలో శబ్దములను, ఛందస్సును చెప్పితిని. సాయంకాలము గంట కొట్టిన పిమ్మట పిల్లలతోపాటు మైదానమునకు పోవుచుంటిని. ఉద్యోగవిరమణానంతరము కూడ ఆదివారమునాడు మా యూరి కుఱ్ఱవాండ్రతో నాలుగు ఓవర్లు ఆడకుండ నుండలేను. పద్యము నడకను సరిదిద్దిన కన్నే బ్యాటు నడకను కూడ చూడ నేర్చినది. ఆ చూపుతో కనుగొన్న కొన్ని సంగతులను నేడు మీకు మనవి చేసెదను.

వరికోతలు ముగిసి పొలములు ఎండిన పిమ్మట మన గ్రామములలో ఏ మూల చూచినను మూడు కఱ్ఱలు, ఒక బ్యాటు, ఒక టెన్నిసు బంతి కనబడుచుండును. పెద్దలకు దీనిపై మూడు ఫిర్యాదులు కలవు. చదువు చెడుచున్నదనునది యొకటి. పెంకులు, కిటికీలు పగులుచున్నవనునది రెండవది. పందెములు కాయుచున్నారనునది మూడవది. మూడింటిలోను సత్యము కలదు. నాకు మాత్రము నాలుగవ ఫిర్యాదు కలదు. పదియేండ్ల వయస్సున పిల్లవాడు ఏ తప్పుతో అవుటగుచుండెనో, ఇరువది యేండ్లు వచ్చినను ఆ తప్పుతోడనే అవుటగుచున్నాడు. ఆట యాడుచున్నాడే గాని నేర్చుకొనుట లేదు. నేర్పువారు లేని యాట కాలక్షేపముగా మిగులును. నేర్చిన యాట విద్య యగును. దానిని నేర్చుకొను తీరును, అందు పెద్దలు చేయగల సాయమును మాత్రమే నేడు చెప్పెదను.

మొదట కొలతలను చూతము. రెండు వికెట్ల నడుమ దూరము 22 గజములు. మూడు స్టంపులును కలిసి 9 అంగుళముల వెడల్పు, 28 అంగుళముల ఎత్తు. బ్యాటు వెడల్పు 4¼ అంగుళములను, పొడవు 38 అంగుళములను మించరాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో బౌలరు చేతినుండి వెడలిన బంతి ఆడువానిని చేరుటకు ఒక సెకనులో సుమారు మూడింట రెండు వంతుల కాలము మాత్రమే పట్టును.

ఈ లెక్కలనుండి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: బ్యాటు వెడల్పు వికెట్టు వెడల్పులో సగమునకు కూడ చాలదు. కావున దానిని ఎట్లు త్రిప్పుదుమన్నదే ముఖ్యము. బ్యాటును నిలువుగా, బంతి వచ్చు దారివెంబడి ముందునకు పోనిచ్చినచో బంతి కొంచెము ముందుగా వచ్చినను, ఆలస్యముగా వచ్చినను తగులును. కొడవలివలె అడ్డముగా విసరినచో రెండు దారులును కలిసికొను ఒక్క బిందువునందే తగులును; రెప్పపాటు తప్పినచో స్టంపు ఎగురును. రెండవది: ఇంత తక్కువ కాలములో తర్కించి కొట్టుటకు వీలు లేదు. తెలిసిన సంగతి అభ్యాసమువలన ముందుగనే చేతులలోను, పాదములలోను చేరి యుండవలయును.

ఇక పట్టు. బ్యాటును నేలపై బోర్లించి, కట్టెలు కొట్టుటకు గొడ్డలి నెత్తుకొన్నట్లు రెండు చేతులతో ఎత్తుకొన్నచో పట్టు తనంతట తానే కుదురును. చేతులు రెండును దగ్గరగా నుండవలయును. పై చేయి త్రోవ చూపును. క్రింది చేయి తోడు పోవును. క్రింది చేయి బిగిసినచో బ్యాటు అడ్డము తిరుగును. పాదములు కొంచెము ఎడముగా, మోకాళ్లు కొంచెము వంగి, కన్నులు రెండును ఒకే మట్టమున నుండవలయును. అన్నింటికంటె ముఖ్యమైనది తల. తాపీవాడు గోడ నిలువు చూచుటకు వ్రేలవేయు గుండువలె అది నిశ్చలముగా నుండవలయును. తల కదలినచో చూపు కదలును. చూపు కదలినచో బంతి యెక్కడ పడినదో తెలియదు.

తరువాత పాదములు. తనకు సమీపముగా పడు నిండు బంతికి ముందుకాలు సాచి, బంతి పడిన చోటికి వీలైనంత దగ్గరగా బ్యాటును చేర్పవలయును. దూరముగా పడి పైకి లేచు పొట్టి బంతికి వెనుకకాలు స్టంపుల వైపునకు జరిపి, చూచుటకు మఱికొంత కాలము సంపాదించుకొనవలయును. ముందునకును పోక, వెనుకకును పోక నడుమ నిలిచినవాడే తరచుగా అవుటగుచుండును.

వ్యాకరణములో ఉత్సర్గము, అపవాదము అను రెండు మాటలు కలవు. అంతటను వర్తించు సామాన్యసూత్రము ఉత్సర్గము. ఒకానొక చోట దానిని త్రోసి నిలుచునది అపవాదము. నిలువు బ్యాటుతో ఆడుట ఉత్సర్గము. పొట్టి బంతిని అడ్డముగా లాగి కొట్టుట, ప్రక్కకు నరికి కొట్టుట అపవాదములు. మన కుఱ్ఱవాండ్రు సూత్రమును నేర్వకయే అపవాదములతో ఆరంభించుచున్నారు. ఇది గుణింతము రానివాడు సీసపద్యము వ్రాయబూనినట్లున్నది.

నా వద్ద చదివిన ఒక కౌలురైతు కుమారుని సంగతి చెప్పెదను. వాడు మూటలు మోసిన దేహము గలవాడు. తగిలినచో బంతి చెఱువు గట్టు దాటును. కాని పదింట తొమ్మిది మారులు తగిలెడిది కాదు. వాని తండ్రి యొకనాడు నా యొద్దకు వచ్చి, "పంతులుగారూ, వీడిచేత ఈ ఆట మాన్పించండి. పొలంలో సాయానికి రాడు, చదువూ అంతంతమాత్రమే. ఆ బ్యాటు పొయ్యిలో పెట్టేస్తానండీ" అనెను. "పెట్టుదువు గాని, ముందొక సాయంకాలము వచ్చి చూడు" మంటిని. వచ్చి గట్టుపై కూర్చుండెను. ఆయన జన్మమున బ్యాటు పట్టినవాడు కాడు. అరగంట చూచిన పిమ్మట మెల్లగా, "పంతులుగారూ, దెబ్బ తగలకముందే వాడు తలెత్తి దూరం చూస్తున్నాడండీ. నాగలి పట్టినవాడు చాలు చూడకుండా గట్టు చూస్తే చాలు వంకర పోదా?" అనెను.

ఆ దోషమును అంత చక్కగా చెప్పినవారిని నేనెఱుగను. మఱునాటినుండి తండ్రియే వానికి గురువాయెను. కొట్టిన తరువాత కూడ బంతి తగిలిన చోటనే చూపు నిలుపవలయునని ఒక నియమము. పొలము పని, పాఠము ముగిసిన పిమ్మటనే ఆట యని మఱియొక నియమము. రెండు నెలలకు వాడు మొట్టమొదటిసారిగా 20 ఓవర్లును కడవరకు నిలిచి ఆడెను. చేసిన పరుగులు 31 మాత్రమే. ఆనాడు తండ్రి యేమియు అనలేదు. బ్యాటును తానే భుజముపై వేసికొని యింటికి తీసికొనిపోయెను.

మనస్సును నిలుపుటకు అభ్యాసము, వైరాగ్యము అను రెండు సాధనములు భగవద్గీతలో చెప్పబడినవి. ఆటకు అంత గొప్ప మాట లేలయని మీరు నవ్వవచ్చును గాని, బ్యాటు పట్టువానికిని ఈ రెండే సాధనములని నా యనుభవము.

అభ్యాసమునకు ధనము అక్కఱలేదు. పాత మేజోడులో బంతి నుంచి, త్రాటితో వేపకొమ్మకు మోకాలి యెత్తున వ్రేలగట్టుడు. దినమునకు నూరు మారులు దానిని నిలువు బ్యాటుతో కొట్టవలయును. బంతి తిన్నగా ముందునకు, వెనుకకు ఊగినచో దెబ్బ సరియైనది. గుండ్రముగా తిరిగినచో బ్యాటు అడ్డము పోయినదని తెలియును. గురువు లేని చోట ఆ త్రాడే గురువు. పిమ్మట ఇరువది మారులు పై చేయి యొక్కటితోనే కొట్టవలయును. తరువాత స్నేహితుడొకడు పది గజముల దూరమునుండి, చేతిని భుజముపైకి ఎత్తక, ఒకే చోట పడునట్లు బంతులు విసరవలయును. ఒకే విధమైన బంతి ఇరువది మారులైన పిమ్మటనే మఱియొక విధమైన బంతి. వేదము చెప్పుకొనువారు ఒకే వాక్యమును పదముగా, క్రమముగా, జటగా, ఘనగా వల్లింతురు. దెబ్బను కూడ అట్లే వల్లింపవలయును.

ఆస్ట్రేలియా దేశమున బౌరల్ అను చిన్న పట్టణములో డొనాల్డ్ బ్రాడ్‌మన్ అను బాలుడు, ఇంటి వెనుక నీటితొట్టి క్రిందనున్న యిటుకల దిమ్మెకు గోల్ఫు బంతిని విసరి, తిరిగి వచ్చు ఆ చిన్న బంతిని బ్యాటుతో గాక సన్నని స్టంపుతో కొట్టుచుండెను. ఆ బాలుడే పెద్దవాడై 52 టెస్టు ఆటలలో సగటున 99.94 పరుగులు చేసెను. దీర్ఘకాలము ఆడినవారిలో ఆ దరిదాపులకు వచ్చినవారు నేటివరకును లేరు.

ఇచ్చట నొక హెచ్చరిక. టెన్నిసు బంతి 60 గ్రాములకు లోపు. తోలుబంతి సుమారు 160 గ్రాములు. టెన్నిసు బంతిని అడ్డముగా కొట్టినను చెల్లును. తగిలినను నొప్పి స్వల్పము. ఆ యలవాటుతో తోలుబంతి యెదుట నిలిచినవాడు వికెట్టునైనను పోగొట్టుకొనును, దెబ్బనైనను తినును. కాళ్లకు ప్యాడ్లు, చేతులకు గ్లౌజులు, పొత్తికడుపు క్రింద గార్డు, తలకు హెల్మెట్టు లేనిదే పిల్లలను తోలుబంతి యెదుటికి పంపరాదు. ఈ మాటను పెద్దలు ఖండితముగా చెప్పవలయును.

ఇక వైరాగ్యము. కొట్టదగని బంతిని కొట్టక విడుచుటయే ఇందు వైరాగ్యము. ఆఫ్ స్టంపునకు వెలుపలగా పోవు బంతి వలలో చల్లిన గింజవంటిది. 2004వ సంవత్సరము జనవరిలో సచిన్ టెండూల్కర్ సిడ్నీ నగరమున ఆస్ట్రేలియాతో ఆడెను. అంతకుముందు ఆ వైపు బంతులకు డ్రైవు కొట్టబోయి అవుటగుచుండుటచే, తనకు పేరు తెచ్చిన ఆ కవర్ డ్రైవును ఆనాడు దాదాపుగా విసర్జించెను. పది గంటలకు పైగా నిలిచి 241 పరుగులు చేసి అవుటు కాకుండెను. అంతకు మూడేండ్లు ముందు, 2001 మార్చిలో కలకత్తాయందు హైదరాబాదువాడైన వి.వి.యస్. లక్ష్మణ్, రాహుల్ ద్రావిడ్‌తో కలిసి నాలుగవనాడు ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక్క వికెట్టును పడనీయలేదు. ఆ యిద్దరి జత చేసినవి 376 పరుగులు. లక్ష్మణ్ చేసినవి 281. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా ఆ యాటలో ఓడిపోయెను.

మన యూరి కుఱ్ఱవానికి ఇంత వలదు. మొదటి 12 బంతులను పరుగు కోరక, నేల యెట్లున్నదో, బౌలరు చేయి యెట్లు తిరుగుచున్నదో చూచుటకు వినియోగింపుమని చెప్పుడు. బంతిని గాలిలోనికి గాక నేలవెంబడి కొట్టుమని చెప్పుడు. పరుగునకు "రా", "వద్దు", "ఆగు" అను మూడు మాటలే చాలును. వానిని గట్టిగా పలుకవలయును. బంతి ముందునకు పోయినచో కొట్టినవాడును, వెనుకకు పోయినచో ఎదుటి కొననున్నవాడును పిలువవలయును. గీతను చేరునపుడు బ్యాటును నేలపై జార్చుచు పోవలయును. ఆటలో పుట్టు తగవులలో సగము ఈ పిలుపు లేకపోవుటచేతనే పుట్టుచున్నవి.

ఇక పెద్దలకు నా మనవి. గ్రామములలో బయళ్లు ఇండ్ల స్థలములుగా మాఱుచున్నవి. చోటు లేని పిల్లలు రోడ్డుపై ఆడుచున్నారు. బంతివెంట పరుగెత్తు పిల్లవానికి లారీ కనబడదు. పెంకు పగిలినచో వేఱొక పెంకు దొరకును, పిల్లవాడు దొరకడు. కావున ఊరి భూమిలో కొంత మైదానముగా విడిచి, నడుమ 22 గజముల పొడవు, 10 అడుగుల వెడల్పు గల పట్టీని చదును చేయించి, తడిపి, రోలరు త్రిప్పించి, పైన కొబ్బరిపీచు చాప పఱపింపుడు. బంతి సమముగా లేచును. ఎగుడుదిగుడు నేలపై ఎంత నేర్చినవాడును ముందుకాలు వేయుటకు భయపడును. పందెమును ఊరి కట్టుబాటుగా మాన్పింపుడు. ఆడపిల్లలను గట్టుపైననే కూర్చుండబెట్టకుడు. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 2002లో, 19 యేండ్ల వయస్సున, ఇంగ్లండుతో జరిగిన టెస్టులో 214 పరుగులు చేసినది.

మాకు వయస్సు మీరినదని మీరు అనవచ్చును. 1895లో నాగపూరున తెలుగు కుటుంబములో పుట్టిన సి.కె. నాయుడుగారు, 1926లో బొంబాయియందు ఇంగ్లండునుండి వచ్చిన జట్టుపై రెండు గంటలలోపున 153 పరుగులు చేసిరి; అందు 11 సిక్సర్లు. 1932లో లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టునకు నాయకత్వము వహించిరి. అరువది యేండ్లు దాటిన పిమ్మటను వారు పెద్ద ఆటలలో బ్యాటు పట్టిరి. మనము బ్యాటు పట్టనక్కఱలేదు. గట్టుపై అరగంట కూర్చుండి, పిల్లవాని తల నిలిచినదో లేదో చూచినను చాలును.

ఆడినవారందఱును పేరు పొందరు, పొందనక్కఱయు లేదు. జీతము కొఱకు గాక ప్రీతి కొఱకు ఆడువానికి దక్కు ఫలము వేఱు. తన తప్పును తాను ఎఱిగి, దానిని ఓపికతో దిద్దుకొని, తగని దానిని విడుచుట నేర్చిన యువకుడు పొలములోను, ఉద్యోగములోను, సంసారములోను అట్లే నిలువగలడు. అట్టివారు నలుగురు ఊరిలో నుండుట ఊరికే మేలు.