పందెపు పావురములకు గూడు

సంక్రాంతి వెళ్లి, ఈశాన్యపు వానలు వెనుకబట్టిన పిమ్మట, కావలిలోనో గూడూరులోనో ఉదయమున మిద్దెపై నిలిచి ఆకాశమువంక చూచువారికి ఒక్కొక్కనాడు ఒక చిత్రము కనబడును. ఉత్తరమునుండి పావురముల గుంపొకటి వచ్చును. అది ఊరిమీద చుట్టు తిరుగదు. కోవెల గోపురముపై వ్రాలదు. కళ్లములలోని గింజలను చూచి క్రిందికి దిగదు. ఎవరో పిలిచినట్లు తిన్నగా దక్షిణముగా సాగి, మనము వ్రేలెత్తి చూపులోపల కనుమరుగై పోవును. అవి చెన్నై మిద్దెలలో పుట్టి పెరిగిన పందెపు పావురములు. అచ్చటి సంఘములవారు వానిని బుట్టలలో నుంచి బండ్లమీద ఉత్తరమునకు కొనివచ్చి, ఆంధ్రతీరపు పట్టణములలో విడిచెదరు. దూరపు పందెములకు నాగపురము వంటి తావులకును తీసికొనిపోయెదరు. పక్షి ఇల్లు చేరుటే పందెము. మన నెల్లూరు తీరము ఆ దారిలో నున్నది.

దారిలో అలసిన పక్షి ఒక్కొక్కటి మన ఇండ్లపై వ్రాలుట కద్దు. దాని కాలికి ఉంగరము, ఉంగరముపై అక్షరములు, అంకెలు చూచి, ఇది ఏ పగదేశపు వేగులపక్షియో యని కంగారుపడి ఠాణాకు తీసికొనిపోయినవారిని గూర్చి పత్రికలలో అప్పుడప్పుడు చదువుచున్నాము. ఆ అంకెలలో రహస్యమేమియు లేదు. పక్షి పుట్టిన సంవత్సరము, సంఘము గుర్తు, వరుస సంఖ్య, అంతే. వెడల్పు మూతిగల పాత్రలో నీరు, గుప్పెడు జొన్నలు పెట్టి, ఒక రాత్రి పిల్లికి అందనిచోట నుంచి, తెల్లవారి విడిచిన చాలును.

ఇట్టి పక్షి యొకటి మా మిద్దెపై వ్రాలుటతోనే మాకును ఈ వ్యసనము పట్టినది. మన ఊళ్లలో పావురముల పెంపకము క్రొత్తది కాదు. ఎత్తున ఎగిరి గంటలతరబడి ఇంటిమీదనే నిలుచు జాతులను, గాలిలో పల్టీలు కొట్టు జాతులను పెంచువారు మనలో చాలకాలముగా ఉన్నారు. ఆ పక్షుల గొప్ప ఇల్లు విడువకుండుటలో ఉన్నది. హోమరు అనబడు పందెపు పావురము గొప్ప, దూరమైన ఇంటిని మరల వెదకికొనుటలో ఉన్నది. ఈ జాతిని పందెములకై తీర్చిదిద్దినవారిలో బెల్జియము దేశస్థులు మొదటివారు. 1850లో రాయిటరు అను వార్తాహరుడు ఆకెను, బ్రసెల్సు నగరముల నడుమ ధరవరల వార్తలు పంపుటకు వాడినవి పావురములే. 2020లో బెల్జియములో ఒక ఆడపావురము పదునారు లక్షల యూరోలకు అమ్ముడుపోయినది. మన కథ అంత పెద్దది కాదు.

మేము మొదట చేసిన తప్పును చెప్పిన పిమ్మటనే గూటి సంగతి చెప్పుట న్యాయము. చెన్నైలో పెంపకము మానుకొన్న ఒకరివద్ద ఎనిమిది పెద్ద పక్షులను కొంటిమి. మంచి ఈకలు, మెరయు కన్నులు, పందెములు గెలిచిన పేరు. పదునైదు దినములు గూటిలో నుంచి, కడుపునిండ మేపి, ఇంక మనవైనవి గదా యని ఒక ఉదయమున తలుపు తీసితిమి. ఎనిమిదియు మిద్దెపై ఒక చుట్టు తిరిగినవి. రెండవ చుట్టు లేదు. మధ్యాహ్నమునకు అమ్మినవారి వద్దనుండి కబురు వచ్చినది: ఆరు పక్షులు పాత గూటికి చేరినవట. తక్కిన రెండింటి జాడ నేటికిని తెలియదు. డబ్బు పోయినందుకు మాకు అంత చింత లేదు. ఇల్లు మారిన సంగతి ఎరుగని పక్షిని ఆకాశములోనికి నెట్టితిమి గదా యని మాత్రము చాలదినములు మనసున గ్రుచ్చుకొన్నది.

హోమరు తాను కన్ను తెరచి తొలుత ఎగిరిన తావునే ఇల్లనుకొనును. కొన్న పెద్ద పక్షిని జతకట్టించి పిల్లలకొరకే ఉంచుకొనవలెను, దానిని విడువరాదు. మన పక్షి అనదగినది మన గూటిలో పుట్టినది, లేదా నెలలోపు వయస్సున తెచ్చుకొన్నది. అందుచేత క్రొత్తవాడు పందెపు పక్షిని వెదకుటకు ముందు, ఆ పక్షికి తిరిగి రావలెనని తోచు ఇంటిని కట్టవలెను. గూడు పక్షిని పట్టి ఉంచు బోను కాదు.

ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మనిషి నిలువబడునంత ఎత్తు ఉన్న గూడు మొదలిడువానికి చాలును. అందు ఇరువదికి మించి పక్షులు వద్దు. చోటున్నది గదా యని నలువదింటిని ఉంచినచో రోగములను పెంచినట్లే. సరుగుడు వాసములు మన తీరమున చౌకగా దొరకును. చట్రమునకు అవి చక్కగా సరిపోవును. నేలమీదనైనను, మిద్దెమీదనైనను, గూటి అడుగు రెండడుగుల ఎత్తున కాళ్లపై నిలువవలెను. క్రింద గాలి ఆడిననే పలకలు చెమ్మగిల్లవు. పందికొక్కులకు, పాములకు దాగుచోటుండదు. పావురము ఎండకు ఓర్చును, కొంత చలికి ఓర్చును. చెమ్మకు ఓర్వదు. నెల్లూరు తీరమున గూటికి మొదటి శత్రువు చెమ్మయే.

ముఖము ఏవైపున ఉండవలెనన్నది ఇతర ప్రాంతములవారి పుస్తకములు చూచి నిర్ణయించరాదు. మన ఏటి వానలో అధికభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, ఈశాన్యపు గాలితో వచ్చును. మే నెలలో పడమటి వడగాలి కాల్చును. మధ్యాహ్నము దాటిన తరువాత తూర్పునుండియో, ఆగ్నేయమునుండియో సముద్రపుగాలి చల్లగా వీచును. కనుక గూటిముఖము ఆగ్నేయమునకు తిరిగి యుండుట మేలు. లేతయెండ లోనికి వచ్చును, చల్లగాలి వచ్చును, వానజల్లు రాదు. ఉత్తరపు గోడ, పడమటి గోడ సందు లేకుండ పలకలతో మూయవలెను. పైకప్పు క్రింద రెండు ప్రక్కల జానెడు సందు విడిచి, ఇనుపవల బిగించినచో లోపలి వేడిగాలి బయటికి పోవును. మేము మొదట రేకు కప్పు వేసితిమి. ఏప్రిలు వచ్చుసరికి పక్షులు రెక్కలు చాచి, నోళ్లు తెరచి రొప్పసాగినవి. దానిపై తాటాకు పరచిన పిమ్మట అవి తేరుకొన్నవి. శక్తి కలవారికి బెంగుళూరు పెంకు ఉత్తమము.

తుపాను సంగతి మరువరాదు. 1989 నవంబరులో కావలిపై విరుచుకుపడిన తుపానును చూచినవారు నేటికిని దానినే చెప్పుకొందురు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తీరము దాటినది బాపట్లవద్దనైనను, నెల్లూరు వీధులు నీట మునిగినవి. గూటి నాలుగు కాళ్లను గట్టి తీగతో మిద్దె కమ్ములకు బిగించుడు. ముఖముపై దించుటకు ఒక మందపాటి గుడారపుగుడ్డను చుట్టి ఉంచుడు. తుపాను హెచ్చరిక రేడియోలో విన్ననాడు పక్షిని బయటికి విడువవద్దు. గింజలను డబ్బాలో మూసి పెట్టుడు; చెమ్మకు బూజుపట్టిన మొక్కజొన్నను, వేరుసెనగను ఎన్నడును వేయకుడు, అది విషము.

లోపల ఒక్కొక్క పక్షికి అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల అర ఉండవలెను. పావురమునకు తన అర యన్న పట్టుదల మెండు. ఒకరి అరలోనికి మరియొకరు పోయినచో రెక్కలతో కొట్టుకొనును. జతలకు రెండడుగుల వెడల్పున గుడ్లపెట్టె వేరుగా ఉండవలెను. ఇంక వాకిలి. పక్షి నెట్టిన లోనికి తెరచుకొని, మరల బయటికి తెరచుకొనని తీగల వాకిలిని ముఖముపై అమర్చి, దానిముందు పక్షి వ్రాలుటకు అడుగున్నర బల్ల వేయవలెను. పందెమున గెలుపోటములు ఒక్కొక్కమారు ఈ బల్లపైననే తేలును. నూరు కిలోమీటర్లు ఎగిరివచ్చిన పక్షి బల్లపై కూర్చుండి పావుగంట ఈకలు దువ్వుకొన్నచో, పక్క వీధి పక్షి గెలిచిపోవును. పూర్వము పక్షి లోనికి వచ్చిన పిదప కాలి రబ్బరు ఉంగరమును తీసి గడియారములో వేసెడివారు. ఇప్పుడు ఉంగరములోని చిన్న మీట వంటి విద్యుత్ పరికరము బల్లను తాకగనే సమయమును తానే నమోదు చేయును. లోనికి రావలెనన్న కోరిక మాత్రము పక్షికే ఉండవలెను.

ఆ కోరికను పుట్టించునది ఆకలి, అలవాటు. ఆడపక్షి రెండు గ్రుడ్లు పెట్టును. పదునేడు, పదునెనిమిది దినములకు పిల్లలు వెలువడును. తల్లియేగాక తండ్రియు కంఠసంచిలో ఊరిన పాలవంటి ద్రవమును పిల్లలకు పట్టును. వారమునాటికి పిల్ల కాలికి అతుకు లేని ఉంగరము తొడుగవలెను. ఆలస్యమైనచో పాదము దూరదు. నాలుగు వారములకు పిల్లను వేరుచేసి, గూటిముందు తీగబోనులో ప్రతిదినము కొంతసేపు ఉంచవలెను. అది చుట్టునున్న మిద్దెలను, కొబ్బరిచెట్లను, సూర్యుని దారిని చూచుచు తన తావును గుర్తుపట్టును. మొదటిమారు బయటికి విడుచునది సాయంకాలము, మేతకు ముందు, ఆకలి మీద. మేత వేయునప్పుడెల్ల ఒకే డబ్బాను గింజలతో ఆడించుడు. మా ఇంట ఆ డబ్బా చప్పుడు వినగనే పావురములే కాదు, ఎదురింటి కోళ్లును పరుగెత్తి వచ్చును.

దినమునకు ఒక్క పక్షికి ముప్పది గ్రాముల గింజ చాలును: జొన్న, సజ్జ, గోధుమ, పెసలు, శనగలు కలిపినది. ఆల్చిప్పల పొడి, ఇటుక నలుసులు, కొంచెము ఉప్పు వేరుగా పెట్టవలెను. పావురము కోడివలె తల ఎత్తి మ్రింగదు, ముక్కు ముంచి పీల్చును. కనుక నీటిపాత్ర లోతుగా ఉండవలెను. వానలు పోయి దోమలు ముసిరిన నెలలలో మశూచి వంటి పొక్కులు ముక్కుచుట్టు లేచును. దోమతెర కట్టుట, పశువైద్యుని అడిగి టీకా వేయించుట ఉపాయములు. గూడు ఊడ్చునప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకొనుడు. ఆ ధూళి ఏండ్లతరబడి పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చుట వైద్యులెరిగినదే. ఇంట ఉబ్బసమున్నవారున్నచో ఈ సరదా వలదనుటయే మా మాట.

పిల్లలు గుంపుగా అరగంట ఎగురునంత బలము వచ్చిన పిమ్మట బుట్టలో నుంచి బయటికి తీసికొనిపోవలెను. నెల్లూరువారికి మొదటి మజిలీ పెన్న దాటిన కోవూరు. తరువాత బిట్రగుంట, సుమారు ముప్పదియైదు కిలోమీటర్లు; ఆపైన కావలి, యాబది. ఎల్లప్పుడు ఒకే దిక్కున సాగుడు. సూర్యుని స్థానము, భూమి అయస్కాంతశక్తి, గాలిలోని వాసనలు, ఇవన్నియు పక్షికి దారి చూపునని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఆక్స్‌ఫర్డు పరిశోధకులు 2004లో ప్రకటించిన పరిశీలనలలో పావురములు తెలిసిన తావులలో పెద్ద రహదారుల వెంబడి ఎగురుట, మలుపులవద్ద తామును మలగుట కనబడినది. మన తీరమున రైలుపట్టాలు, జాతీయరహదారి, బకింగుహాము కాలువ, మూడును ఉత్తరదక్షిణములుగా ప్రక్కప్రక్కన సాగుచున్నవి గదా! మన పక్షులును వానిని చూచి ఎగురునేమో యని మాకు తోచును.

ఒంగోలునుండి నెల్లూరికి కాకిదారిన సుమారు నూట పదునెనిమిది కిలోమీటర్లు. నిమిషమునకు వేయి మీటర్ల లెక్కన ఎగిరిన పక్షి రెండు గంటలలో ఇల్లు చేరును. ఒక్కొక్క గూటికి దూరము వేరు గనుక, ముందు వచ్చినది గాక, నిమిషమునకు ఎక్కువ మీటర్లు ఎగిరినది గెలిచినట్లు. ఈ లెక్కపై సొమ్ము ఒడ్డువారును ఉన్నారు. మాకది సరిపడదు. పందెమన్న మాటకు మనవద్ద రెండర్థములుండుట ఈ పక్షుల దురదృష్టము.

దారిలో డేగ కలదు. శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చు భైరిపిట్ట పులికాటు సరస్సువంటి తావులలో కాచుకొని యుండును. దానిని కసరుటకు మనకు హక్కు లేదు; దాని ఆకలి దానిది. పొగమంచున్ననాడు, మబ్బు పట్టిననాడు, పక్షిని విడువకుండుట మాత్రము మన చేతిలోని పని. ఒడిసా పోలీసుశాఖ 1946లో సైన్యమునుండి రెండువందల పావురములను తీసికొని కోరాపుట్టులో వార్తల సేవ ఆరంభించినది. 1948 ఏప్రిలులో నెహ్రూగారు సంబల్పూరునుండి కటకమునకు పంపిన ఆదేశమును మోసినది ఆ సేవలోని పక్షియే. 1982 వరదలలో తంత్రులు తెగినప్పుడును అవి వార్తలు మోసినవి. పని ముఖ్యమైనచోట పక్షి ఇల్లు చేరుటయే లెక్క. మొదట చేరినదా, కడపట చేరినదా యని ఎవరును అడుగలేదు.

గత ఏడు కావలిలో పండ్రెండు పిల్లలను విడిచితిమి. గంటలో పది వచ్చినవి. పదునొకండవది సాయంకాలము వచ్చినది. పండ్రెండవది, నల్లచారలు గల బూడిదరంగు ఆడపిల్ల, రాలేదు. మూడు రాత్రులు వాకిలి తీగలు కట్టివేయక, బల్లపై నీరు పెట్టి ఉంచితిమి. ఇంటివారు పిల్లి వచ్చునని గొణిగిరి. నాలుగవనాడు ఉదయమున రొమ్మున ఈకలు ఊడి, ఒక రెక్క వ్రేలాడుచు, అది ప్రక్క మిద్దె పిట్టగోడమీదనుండి మా బల్లమీదికి నడచి వచ్చినది. నీరు త్రాగినది. తన అరలో మరొకటి ఉన్నది చూచి, దానిని ముక్కుతో పొడిచి, లేపి, కూర్చున్నది.