మన గల్లీ మోరీ, మన నగర బడ్జెట్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నగరపాలన మీద మాట్లాడమన్నారు. సరిగ్గా భోజనానికి ముందు నా పేరు వేసినవాళ్ళకు ప్రత్యేక ధన్యవాదాలు.

నేను చాలా ఏళ్ళు ఒక పురపాలక సంఘం లెక్కల విభాగంలో పనిచేశాను. ఊరి పేరు చెప్పను. అక్కడ ఒక గల్లీవాళ్ళు వానాకాలం రాకముందే మోరీ కట్టించమని అర్జీ పెట్టుకున్నారు. దాని మీద 'నిధులు లేవు' అని నోట్ రాసింది నేనే. మరుసటి వారం ఒక పెద్దాయన బడ్జెట్ పుస్తకం పట్టుకొని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. మోరీల పద్దు మీద వేలు పెట్టి, "బిడ్డా, ఈడ రాసి ఉంది గదా, మరి లేవంటవేంది?" అన్నాడు. జవాబు నాకు తెలుసు. చెప్పలేదు. రేపు రమ్మన్నాను. ఆయన మళ్ళీ రాలేదు. ఆ వానాకాలం ఆ గల్లీలో ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి.

ఆ జవాబు ఇవాళ మీకు చెబుతాను. బడ్జెట్‌లో రాసింది ఖజానాలో ఉన్న డబ్బు కాదు, వస్తుందనుకున్న డబ్బు. రాబడి అంచనా పెంచి రాస్తే ఖర్చు పద్దులన్నీ నిండుగా కనిపిస్తాయి, సభలో ఎవరూ అలగరు. ఏడాది నడుస్తుంటే వచ్చినదాంట్లోంచి ముందు జీతాలు, కరెంటు బిల్లు, అప్పు వాయిదా పోతాయి. మిగిలితే మోరీ. అందుకే బడ్జెట్ చేతికొస్తే ఈ ఏటి అంచనా చూడకండి, పక్క గడిలో పోయినేటి అసలు ఖర్చు చూడండి.

ఇక మన సంగతి. మన పేటకు పేరు పెట్టింది పల్టన్లు. 1945లో సికింద్రాబాద్‌కు మునిసిపాలిటీ వచ్చింది, 1950లో కార్పొరేషన్ అయింది, 1960లో హైదరాబాద్‌లో కలిసింది. 2007లో 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ చేశారు. కంటోన్మెంట్ మాత్రం రక్షణ శాఖ కింద వేరే బోర్డు. రోడ్డు దాటితే చెత్త ఎత్తే సర్కారు మారిపోతుంది.

గ్రేటర్ 2025-26 బడ్జెట్ 8,440 కోట్లు. 2024-25లో ఆస్తిపన్ను మొదటిసారి 2,000 కోట్లు దాటిందని సంబరపడ్డాం. ఈ రెండు అంకెల మధ్య దూరం చూడండి. అది ఇల్లు కట్టుకునే అనుమతుల ఫీజులు, ప్రభుత్వ గ్రాంట్లు, అప్పులతో నిండాలి. అనుమతుల ఫీజు రియల్ ఎస్టేట్ నడిచినన్నాళ్ళే. జీతాలు మాత్రం ప్రతి నెలా ఇవ్వాలి. 2018 ఫిబ్రవరిలో బాండ్లు అమ్మి 200 కోట్లు తెచ్చారు, వడ్డీ 8.90 శాతం. మూడో విడతకు వచ్చేసరికి వడ్డీ 10.23 శాతం. మొత్తం 495 కోట్లు ప్రధానంగా రోడ్లు, ఫ్లైఓవర్ల కోసం. ఫ్లైఓవర్ కనిపిస్తుంది, ఫోటో దిగుతుంది. మోరీ పొంగితేనే కనిపిస్తుంది.

పన్ను సంగతి చెబితే మీలో కొందరికి కోపం వస్తుంది. పాత నగరపాలక ప్రాంతంలో నివాస గృహాల పన్నుకు ఆధారమైన అద్దె విలువలు 2002 నాటివే. అప్పటి అద్దెకు ఇవాళ మీ పోర్షన్ ఇస్తారా? ఏడాదికి 1,200 లోపు పన్ను ఉన్న ఇళ్ళకు 101 రూపాయలు చేశారు. పేదవాళ్ళకు మేలే, నేను కాదనను. కానీ పెద్ద ఇళ్ళవాళ్ళం కూడా పాత రేటు చాటున హాయిగా ఉన్నాం. నేనూ ఉన్నాను. పక్కనే మన స్టేషన్ ఉంది. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తి మీద పన్ను వేయకూడదు, సేవలకు చార్జీ మాత్రం అడగవచ్చు. పగలూ రాత్రీ జనం దిగే చోట ఊడ్చే భారం ఎవరిదో ఆలోచించండి.

ఇంకో మాట. అర్జీ ఇచ్చేముందు అది ఎవరి పనో కనుక్కోండి. వాననీటి మోరీ కార్పొరేషన్‌ది. మురుగు పైపు, నల్లా నీళ్ళు 1989లో ఏర్పడ్డ జలమండలివి. చాలా అర్జీలు ఈ రెండు ఆఫీసుల మధ్య తిరిగి తిరిగి పాతబడతాయి. రెండింటికీ ఒక్కో కాపీ ఇచ్చి, రెండు చోట్లా స్టాంపు వేయించుకోండి. గుమాస్తాగా చెబుతున్నాను, స్టాంపు ఉన్న కాగితాన్ని పక్కన పడేయడం కష్టం.

భోజనాలయ్యాక నేను వేపచెట్టు కింద కుర్చీ వేసుకొని కూర్చుంటాను. పేటలో ఇల్లున్నవాళ్ళు పన్ను రసీదు తెచ్చుకోండి. నలభై ఏళ్ళు దాటిన ఇంటికి 30 శాతం తరుగుదల కట్టారో లేదో చూసి చెబుతాను. బడ్జెట్ పుస్తకం కాపీ ఒకటి తెచ్చాను, అది మన బడి లైబ్రరీకి. మోరీల పద్దు ఉన్న పేజీ మడత పెట్టి ఉంచాను.