శ్రోతల సంఘం: పెట్టడం, నిలబెట్టడం



ఊరిలో కొత్తగా ఒక సంఘం పెట్టడం కష్టం కాదు. కొబ్బరికాయ కొట్టి, నలుగురు పెద్దలు మాట్లాడితే ఆనాటికి సంఘం ఉన్నట్లే. మూడవ వారానికి ఎందరు వస్తారన్నదే ప్రశ్న. నారు పోసిన చేత్తోనే నీరూ పెట్టవలె గదా! అందుచేత రేడియో శ్రోతల సంఘం పెట్టదలచిన గ్రామస్థులకు, వారికి తోడ్పడే విస్తరణ ఉద్యోగులకు నాలుగు మాటలు మనవి చేస్తాను.

1956లో అప్పటి బొంబాయి రాష్ట్రంలో, పూనా కేంద్రంగా, అయిదు జిల్లాలలోని సుమారు 150 గ్రామాలలో ఇట్టి సంఘాలను ఆకాశవాణి యునెస్కో తోడ్పాటుతో నడిపి చూసింది. సంఘానికి పన్నెండు మొదలు ఇరవై మంది. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, పది వారాలు ప్రసారాలు. వినడం, విన్నదానిని చర్చించడం, తేలని సందేహం ఆకాశవాణికి వ్రాయడం, జవాబు మళ్ళీ రేడియోలో వినడం: ఇదీ పద్ధతి. ఫలితాలను పాల్ న్యూరాత్ అనే పండితుడు పరిశీలించారు. సంఘాలున్న ఊళ్ళలో రైతుల తెలివిడి బాగా పెరిగింది. రేడియో ఉండీ సంఘం లేని ఊళ్ళలో మార్పు స్వల్పం. అంటే ఏమన్నమాట? పెట్టె ఒక్కటే చాలదు. పెట్టె చుట్టూ మాట కలవాలి. 1959 నుండి ఈ పద్ధతిని దేశంలో ఇతర ప్రాంతాలకూ విస్తరించారు. మన విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963లో వెలసింది.

ఇక మన ఊరి సంగతి. మొదట పదిహేను మందితో ప్రారంభించండి. వారిలో కౌలుదారు ఉండాలి, కూలీ ఉండాలి, ఆడవారు ఉండాలి. పెద్దరైతు ఇంటి అరుగు అందరూ ఎక్కలేరు. కనుక బడి దగ్గరో, చెట్టు కిందనో కూర్చోండి. రోజూ వేళా ఒకసారి కుదుర్చుకొన్న తరువాత మార్చకండి. ముగ్గురే వచ్చినా సభ జరపండి.

అన్నిటికన్న ముఖ్యమైనది నమ్మకం. అనకాపల్లి ప్రాంతపు చెరకునే తీసుకుందాం. అక్కడ 1913 నుండి చెరకు పరిశోధన జరుగుతున్నది. ఒక రైతు తోటలో పై ఆకులు పసుపు తిరిగి ఎండుతున్నాయి. గడ చీల్చి చూస్తే లోపల ఎరుపు, మధ్య మధ్య అడ్డంగా తెల్లని మచ్చలు, పులిసిన వాసన. అది ఎర్రకుళ్ళు తెగులు. ఆ రైతుకు తెలుసు, కాని చెప్పడు. చెబితే తన తోట విత్తనపు ముచ్చెలు ఎవరూ కొనరని భయం. ఆయన మౌనంతో ఆ ముచ్చెలు పది తోటలకు చేరతాయి, తెగులూ చేరుతుంది.

అటువంటివాడు నోరు విప్పిననాడే మీ సంఘం బ్రతికినట్లు. నోరు విప్పినవాణ్ణి ఎగతాళి చేయకండి. ఆ తోట త్వరగా నరికి గానుగాడించడానికి పదిమందీ సాయం పట్టండి. ఆ చేలో కార్శి ఉంచవద్దని, మరుసటి పంటగా వరి వేయమని నచ్చజెప్పండి. మళ్ళీ నాటడానికి తెగులు లేని తోట నుండి ముచ్చెలు ఇప్పించండి. నిజం చెప్పినవాడు నష్టపోలేదని ఊరు చూసిందా, వచ్చే వారం మరొకడు తన కష్టం తానే చెప్పుకుంటాడు.

అడిగిన ప్రశ్నకు జవాబు తప్పక రావాలి. ఒకరు పుస్తకంలో ప్రశ్న వ్రాయండి, గ్రామ వ్యవసాయ సహాయకునికి అందజేయండి. వెనుక కార్డు ముక్క వ్రాసి కాచుకొనేవారం. నేడు ఎండిన ఆకు బొమ్మ ఫోనులో క్షణాన పోతుంది. ఉక్కు కర్మాగారంలోనో ఓడరేవులోనో పనిచేసే కొడుకు ఆ సాయం చేయగలడు. అయితే పంపడం వేరు, జవాబు రావడం వేరు. వచ్చిన జవాబును తరువాతి సభలో అందరి ఎదుట చదవండి. రాకపోతే రాలేదనే చెప్పండి.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. సంఘం మీ చొరవతో పుట్టవచ్చు గాని మీ బదిలీతో చావకూడదు. మొదటి నెల మీరు నడపండి, రెండవ నెల పక్కన కూర్చోండి, మూడవ నెల వెనుక కూర్చోండి. ఇరవై మంది దాటితే, చెరకు పిలక వేసినట్లు, మరో వీధిలో ఇంకొక సంఘం వేయించండి.

వచ్చే వారం మీ ఊరిలో మూడవ సభకు ఎవరు రాలేదో చూడండి. వారి ఇంటికి వెళ్ళి, ఎందుకు రాలేదో అడగండి. సెలవు.