బొమ్మల పుస్తకంలో పిల్లల ఇష్టమెక్కడ?



కొత్త సంవత్సరం అడుగుపెడుతూనే విజయవాడ పుస్తక మహోత్సవం మొదలవుతుంది. చంకలో పిల్లలతో తల్లిదండ్రులు స్టాళ్ల ముందు ఆగి, ‘మూడేళ్ల పాపకి ఏం కొనమంటారు?’ అని అడుగుతారు. చాలా ఏళ్లు ఆ స్టాళ్లలో కూర్చున్నవాణ్ని. మనవాళ్లు ఇచ్చే జవాబు మారగా నేను చూడలేదు. పంచతంత్రం, నీతికథలు, అక్షరమాల చేతిలో పెడతారు. ‘పాపకి ఏమంటే ఇష్టం?’ అని ఎదురడిగేవాళ్లు అరుదు. ఈ రెండు రోజుల బాలసాహిత్య సభల్లో బాలగేయాల మీద, జానపద కథల మీద మంచి పత్రాలు రాబోతున్నాయి. అందుకని నాకిచ్చిన సమయమంతా ఈ ఎదురు ప్రశ్నకే వాడుకుంటాను.

బడికి వెళ్లకముందే పిల్లలకు గట్టి ఇష్టాలుంటాయి. ఒకడికి చీమలు. ఇంకొకడికి కప్పలు. ఇంకో పాపకి జేసీబీ. వీధిలో పైపుల కోసం గుంత తవ్వుతుంటే నోట్లో ముద్ద నమలడం మరిచిపోయి చూస్తుంది. ఆ చూపుకి సరైన పుస్తకం అందితే తనే పేజీలు తిప్పుతుంది, మళ్లీ చదవమని ప్రాణం తీస్తుంది, నిన్న కనిపించని బోల్టు ఇవాళ వెతికి పట్టుకుంటుంది. చదువు మొదలయ్యేది అక్కడే. మరి ఆ పాపకి ఇవ్వడానికి మన దగ్గర ఏముంది? ఆ యంత్రం మోచెయ్యి ఎలా ముడుచుకుంటుందో, డ్రైవరు ఏ పిడి లాగితే ఏది కదులుతుందో, తవ్విన మట్టి ట్రాక్టరెక్కి ఏ ఊరి చెరువుగట్టుకు పోతుందో చూపించే తెలుగు పుస్తకాన్ని ఒక తెలుగు చిత్రకారుడి చేత ఎందుకు గీయించలేకపోయాం? బాలసాహిత్య సభలకు ఇంత చిన్న విషయమా అని కొందరు మిత్రులు నన్ను విసుక్కున్నారు. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద విషయం లేదు.

ఒకప్పుడు ఒక ఎంపిక సంఘంలో కూర్చున్నాను. చీమల మీద చక్కని రాతప్రతి వచ్చింది. సంఘంలోని ఒక పెద్దాయన చివరి పేజీలో ‘మనమూ చీమల్లా కష్టపడాలి’ అని చేరిస్తేనే సంతకం పెడతానన్నారు. చీమను చూస్తున్న పిల్లను రెక్క పట్టుకుని అక్కణ్నుంచి లాగేయడమే ఆ వాక్యం చేసే పని అని వాదించాను. ఆయన మాటే నెగ్గింది. అలాంటి చివరి వాక్యాలు ఈనాటికీ అచ్చవుతున్నాయి, వాటికి బహుమతులు కూడా వస్తున్నాయి. నీతి మీద నాకు పగ లేదు. పిల్ల కుతూహలానికి అది సుంకంగా మారడాన్ని ఒప్పుకోను.

మనకు చరిత్ర లేదా అంటే, ఘనమైనదే ఉంది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. బాపు, ముళ్లపూడి వెంకటరమణ పిల్లలుగా ఉన్నప్పుడే ఆ పత్రికలో కనిపించారు. 1947 జూలైలో ‘చందమామ’ వచ్చింది. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గీసిన బొమ్మల్ని చూస్తూ తరాలు పెరిగాయి. అయితే అవి ప్రధానంగా చదవడం వచ్చినవాళ్ల కోసం. చదవడం ఇంకా రాని పిల్లలకు సోవియట్ ప్రచురణకర్తలు తెలుగులో వేసిన మాస్కో పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో ఆ దారి మూసుకుపోయింది. 1957లో పుట్టిన నేషనల్ బుక్ ట్రస్టు, 1996 నుంచి చెన్నై తూలిక, 2004 నుంచి బెంగళూరు ప్రథమ్ బుక్స్, మన సికింద్రాబాద్ మంచి పుస్తకం తలా కొంత ఆ లోటు తీర్చాయి. వాళ్ల శ్రమకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అయినా ఒక ఇబ్బంది చెప్పక తప్పదు. రంగుల బొమ్మ నాలుగు ప్లేట్లతో అచ్చవుతుంది. అక్షరాలు నలుపు ప్లేటు మీదే ఉంచితే, అదొక్కటి మార్చి అదే పుస్తకాన్ని హిందీలో, తమిళంలో, తెలుగులో తేవచ్చు. బొమ్మల ఖర్చును అన్ని భాషలూ పంచుకుంటాయి కాబట్టే పేదింటి పిల్లకు రంగుల పుస్తకం దక్కుతోంది. కానీ మన వంతు వచ్చేసరికి బొమ్మ ఎక్కడో నిర్ణయమైపోయి ఉంటుంది. ఇంగ్లీషు వాక్యానికి కొలిచి వదిలిన ఖాళీలో మన ఒత్తులు ఇరుక్కుంటాయి. పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. దాంతో అక్షరం సైజు తగ్గిస్తారు. అక్షరాన్ని అప్పుడప్పుడే గుర్తుపడుతున్న కంటికి ఇది అన్యాయం. బొమ్మలోనేమో మన తాటిముంజల బండి ఉండదు, ఇస్త్రీ బండి ఉండదు, ఎర్రబస్సు ఉండదు. 2015లో ప్రథమ్ బుక్స్ తెచ్చిన స్టోరీవీవర్ వెబ్‌సైటు పుణ్యమా అని ఎవరైనా అనువదించుకునే వీలు కలిగింది. మనవాళ్లు అనువాదాలతోనే తృప్తిపడ్డారు. పుస్తకాల సంఖ్య చూపించి సంబరపడే మిత్రులు వాటిలో తెలుగు నేల మీద గీసిన బొమ్మలెన్నో కూడా లెక్కపెట్టాలి.

స్థాయిల గురించి ఒక్క మాట. ఒకటో స్థాయి, రెండో స్థాయి అని అట్ట మీద వేయడం టీచరుకు ఉపయోగమే. దాన్ని పిల్లకు కంచెగా మార్చవద్దు. పాములంటే ప్రాణం పెట్టే పిల్ల నాలుగో స్థాయి పాముల పుస్తకంలోనూ బొమ్మలు చూసి సగం విషయం చెప్పేస్తుంది.

ఇక అసలు విన్నపం. పిల్లల ఇష్టం నుంచి పుట్టే పుస్తకాలు చిత్రకారుడి దగ్గర మొదలవ్వాలి. రోడ్డు పక్కన కూర్చుని యంత్రాన్ని, పుట్ట దగ్గర కూర్చుని చీమను రోజుల తరబడి చూసేది అతనే. పేజీకి మూడు మాటలు రాసినవారి పేరు అట్ట మీద పెద్దగా వేసి, అతని పేరును లోపలి పేజీ అడుగున వేస్తున్నాం. చెన్నైలోని తారా బుక్స్ గోండు చిత్రకారులతో ‘ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ చేసింది. బజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఊర్వేతి గీసిన ఆ చెట్లకు 2008లో బొలోన్యా బాలల పుస్తక ప్రదర్శనలో బహుమతి వచ్చింది. మన చేర్యాలలో పటాలు గీసే నకాషీ చిత్రకారులు ఉన్నారు. వాళ్ల పటాన్ని గడి తర్వాత గడిగా విప్పుతూ కథ చెప్పే సంప్రదాయం తరాలుగా ఉంది. శ్రీకాళహస్తిలో కలంకారీ ఉంది, తోలుబొమ్మల వాళ్లున్నారు. వాళ్ల దగ్గరకు వెళ్లినప్పుడల్లా రామాయణమే గీయమన్నాం. ‘మీ పాప ఏం చూస్తుంది? అది గీయండి’ అని అడగాల్సింది.

ఇంకో పని మిగిలిపోయింది. తెలుగు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసినవారి పట్టిక మనకు లేదు. గ్రంథాలయంలో రచయిత పేరుతో వెతికితే పుస్తకం దొరుకుతుంది, చిత్రకారుడి పేరుతో వెతికితే చాలాచోట్ల దారే ఉండదు. మూలచిత్రాలు ఇళ్లలో చెదలుపడుతున్నాయి. పాత పత్రికల్లో బొమ్మ మూలనున్న సంతకాలు చదివి, ఏ పుస్తకానికి ఎవరు, ఏ ఏడు గీశారో రాసిపెట్టే పరిశోధకులు కావాలి. ఈ ఏడాది ‘బాల’తో మొదలుపెట్టినా చాలు. నా దగ్గరున్న పాత సంచికలు, మాస్కో పుస్తకాలు, చిత్రకారులు నాకు రాసిన ఉత్తరాలు అన్నీ ఆ పని చేపట్టినవారికి ఇచ్చేస్తాను. సాయంత్రం సమావేశం ముగిసేలోగా పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి. పత్రసమర్పణ ప్రారంభించవలసిందిగా మొదటి వక్తను కోరుతున్నాను.