ఆండీస్ కొండల్లో మన నెల్లూరు మనిషి

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగాలు చేసుకునే మన కుర్రవాళ్లు చాలామంది సెలవు దొరికితే కొండలెక్కుతున్నారు. సంతోషమే. అయితే బెంగళూరు ఎత్తు సుమారు 900 మీటర్లు. దక్షిణ అమెరికా ఆండీస్ పర్వతాలలోని అకాంకాగువా 6,961 మీటర్లు. ఆ శిఖరం మీద ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సగమైనా ఉండదు.

నెల్లూరు జిల్లా సంగం మండలంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఆ మంచుకొండ ఎక్కారు. ఆ ఏడాదే 172 రోజుల్లో ఏడు ఖండాల మహాశిఖరాలూ ముగించారు.

అకాంకాగువా మామూలు దారిలో తాళ్లు పట్టుకుని ఎగబాకే పని దాదాపు ఉండదు. అదే దాని మాయ! పగలు సామాను పైకి చేర్చి, రాత్రి కిందికి దిగి పడుకోవాలి. అలా కొన్నాళ్లు చేస్తేగాని ఒళ్లు ఆ గాలికి అలవాటు పడదు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఆగాలి, తగ్గకపోతే దిగిపోవాలి.

2015 మార్చి 24 తర్వాత మస్తాన్ బాబు జాడ తెలియలేదు. అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ పర్వతానికి ఒంటరిగా వెళ్లారాయన. అంతటి అనుభవజ్ఞుడు! వెంట మరొకరుంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? కనీసం "దిగుదాం పద" అనే గొంతు ఒకటి ఉండేది. ఏప్రిల్ 3న మృతదేహం కనిపించింది. అది సొంతూరు చేరేసరికి ఏప్రిల్ ఆఖరు వారమయింది.